ఐదో పేరు

అవార్డుల నామినేషన్లు రేపు ఉదయం ప్రకటిస్తారనగా, ఆ ఇంటి ముందుగదిలో ముగ్గురు పెద్దమనుషులు కీచులాటకి కూర్చున్నారు. ఏటా కూర్చుంటారు. ఇంటాయన ముప్పై నాలుగేళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపి రిటైరైన ఆపరేటరు. రెండో ఆయన అదే హాల్లో టికెట్లు చించిన బుకింగ్ బాబాయి. మూడో ఆయన ఒకప్పుడు పేపర్లో సినిమా సమీక్షలు రాసేవారు. ఏ సినిమాకైనా రెండున్నర చుక్కలకి మించి ఇచ్చిన పాపాన పోలేదు కాబట్టి చుక్కల మాస్టారు అన్న పేరు ఆయనకి స్థిరపడిపోయింది. ముగ్గురి వయసూ కలిపితే రెండువందల పాతిక దాటుతుంది. గొంతులు మాత్రం కాలేజీ హాస్టల్లోంచి వస్తున్నట్టుంటాయి.

వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఒక్కో విభాగానికి ఐదేసి పేర్లు, సిరాతో రాయాలి. కొట్టివేత కనపడితే కాగితం చెల్లదు. ఈ నియమం ఊరికే రాలేదు. ఒక ఏడు బుకింగ్ బాబాయి విభాగానికి ఎనిమిదేసి పేర్లు రాసి, మూడేసి కొట్టేసి, ఏవి కొట్టేశానో రేపు చెబుతానన్నాడు. అప్పట్నుంచీ సిరా. రాసిన కాగితాలు పాత రీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. మర్నాడు ప్రకటన అయ్యాకే తీస్తారు.

మిగతా విభాగాల్లో ఎవరు ఎప్పుడు గెలుస్తారో చెప్పలేం గానీ, ఉత్తమ శబ్దం దగ్గర మాత్రం ఆపరేటరుకి ఎదురులేదు. తొమ్మిదేళ్ళుగా ఐదుకి ఐదు. ఒక చెవి మెషిన్ మీద, ఒక చెవి సినిమా మీద వేసి ఆ వేడిగదిలో బతికిన మనిషి. రీలు ఎక్కడ తెగబోతోందో శబ్దాన్ని బట్టే పసిగట్టేవాడు. హాల్లో పనిచేసిన పాతవాళ్ళంతా ఆయన లిస్టు ఏమైందో కనుక్కోవడానికి ఏటా ఫోన్లు చేస్తారు. ఆ ఫోన్లు వచ్చిన రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు.

ఆయన కూతురికి నలభై ఒకటి. పైవాటాలో ఉంటుంది, సౌండ్ స్టూడియోలో పని చేస్తుంది. తెర మీద ఎవరు నడిచినా, పరిగెత్తినా, మెట్లు దిగినా ఆ అడుగుల చప్పుడు తలుపులు బిగించిన గదిలో ఈమె నడిచి పుట్టించాలి. షూటింగులో మైకులు నటుల మాటలు పట్టుకోవడానికే చాలవు, కాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు. అందుకని ఆమె దగ్గర నూటపది జతల చెప్పులూ బూట్లూ ఉన్నాయి. గది నేలలో ఇసుక, కంకర, చెక్క, రాతిపలక పరిచిన గుంటలున్నాయి. పొద్దున పెళ్ళికూతురిగా, మధ్యాహ్నం దొంగగా, సాయంత్రం గుర్రంగా నడిచిన రోజులు కూడా ఉన్నాయి.

తండ్రి కంటికి ఈ పని ఏనాడూ ఆనలేదు. కూతురు పెద్ద బల్ల ముందు కూర్చుని మీటలు తిప్పే ఇంజనీరవుతుందనుకున్నాడు. ఎవరైనా అడిగితే "సౌండులో ఉందిలెండి" అని మాట మార్చేసేవాడు. ఇంట్లో అయితే "మా అమ్మాయిది చెప్పుల డిపార్ట్‌మెంటు" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వి పైకి వెళ్ళాక కాసేపు ఏ పనీ తోచేది కాదు.

ఫలానా సినిమాలో నేను నడిచాను నాన్నా అని చెప్పిన ప్రతిసారీ "బాగుందమ్మా" అనేవాడు. చిన్నపిల్ల గోడ మీద గీసిన బొమ్మని మెచ్చుకున్నట్టు ఉండేది ఆ మాట. ఆ బాగుంది ఆమెకి అక్కర్లేదు. తండ్రిగా కాదు, ఆపరేటరుగా ఆయన నోటినుంచి ఒక్క మాట కావాలి. పద్దెనిమిదేళ్ళుగా దానికోసమే కాచుకుని ఉంది. అందుకే ఈ ఏడు తను చేసినవాటిలో తనకి అన్నిటికన్నా ఇష్టమైన సినిమా గురించి ఇంట్లో నోరు విప్పలేదు. ఒక ముసలావిడ, మంచం పట్టిన భర్త, మూడు గదుల ఇల్లు. సినిమా అంతా అంతే.

మూడు వారాల కింద మ్యాట్నీకి ముగ్గురినీ తనే వెంటబెట్టుకు వెళ్ళింది. చివర్లో పేరు పడుతుంది, ఎలాగూ తెలిసిపోతుంది, అప్పుడు ముఖాలు చూడొచ్చనుకుంది. ఆఖరి దృశ్యం మసకబారుతోందో లేదో ముగ్గురూ దిగ్గున లేచారు. ఆట అయిపోతే ఆపరేటరు హాల్లో లైట్లు వెయ్యాలి, తర్వాతి ఆటకి రీలు ఎక్కించాలి. బుకింగ్ బాబాయి కౌంటరు తెరవాలి. చుక్కల మాస్టారు జనంకన్నా ముందు బయటపడి ప్రెస్సుకి పరిగెత్తాలి. రిటైరై ఏళ్ళు గడిచినా ఆ సంగతి వాళ్ళ కాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. అన్ని వేల సినిమాలు చూసిన ముగ్గురు మనుషులు, ఒక్కదానికీ చివరి పేర్లు చదివి ఎరగరు. ఆమె పేరు ఖాళీ కుర్చీల ముందు మెల్లగా పైకి వెళ్ళిపోయింది. చూసింది ఆమె ఒక్కతే. నవ్వాలో ఏడవాలో తెలియక, ఎలా ఉందని కూడా అడక్కుండా ఊరుకుంది. లిస్టు రాసే రోజు ఎలాగూ బయటపడుతుందిలే అనుకుంది.

ఆ రోజు ఇదే. సెలవు పెట్టి మరీ, గుమ్మం పక్కన స్టూలేసుకుని, ఊడిపోయిన బూటు అడుగుకి జిగురు రాస్తూ కూర్చుంది. చెవులు రెండూ ముందుగదిలోనే ఉన్నాయి.

ఉత్తమ నటి దగ్గర గొడవే కాలేదు. ముసలావిడ వేషం వేసినావిడ పేరు ముగ్గురూ రాశారు. శబ్దం దగ్గర నాలుగు పేర్లు కలిశాయి. ఐదో పేరు దగ్గర మంట రాజుకుంది.

"యుద్ధం సినిమా! ఇంకో మాట లేదు," అన్నాడు బుకింగ్ బాబాయి. "ఆ బాంబులకి నా కుర్చీ ఊగిందయ్యా."

"మీ కుర్చీ నట్టు లూజై ఊగింది," అన్నారు చుక్కల మాస్టారు. "ముసలావిడ సినిమా రాయండి. ఆ నిశ్శబ్దం విన్నారా అసలు?"

"నిశ్శబ్దానికి అవార్డేమిటండీ? ఆ లెక్కన మా ఆవిడ అలిగినప్పుడల్లా మా ఇంటికి ఒకటి రావాలి."

ఇద్దరూ ఆపరేటరు వైపు తిరిగారు. ఆయన పెన్ను మూత తీశాడు. గుమ్మం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మాస్టారూ, మీరు రాసేవాళ్ళు, మీకు చెవి కాస్త తక్కువ," అన్నాడు ఆపరేటరు. "ఆ సినిమాలో శబ్దం వాళ్ళు చేసిందేముంది? మైకు పెట్టారు, ఆవిడ నడిచింది. నడకంటే అదండీ! ఎడమ కాలు వేసే ముందు ఒక్క క్షణం ఆగుతుంది, మోకాలిని అడిగి వేస్తున్నట్టు. ఆయన పడుకున్న గది ముందుకొచ్చేసరికి అడుగు తేలికైపోతుంది, ఎక్కడ లేస్తాడోనని. ఆయన పోయాక కూడా ఆ తలుపు దగ్గర అలాగే తేలిగ్గా వేస్తుంది, గమనించారా? మరి ఆఖర్న ఒక రోజు మామూలుగా నడిచి దాటేస్తుంది. నాకు అక్కడ ఏడుపొచ్చేసింది. ఆయన లేడని ఆవిడకి అప్పుడే తెలిసిందన్నమాట. అది ఇంకొకళ్ళు చేసిపెట్టే చప్పుడు కాదు. నటి కడుపులోంచి రావాలి. అందుకే ఉత్తమ నటి దగ్గర ఆవిడకి ఇచ్చేశా."

అంటూనే ఐదో పేరు దగ్గర యుద్ధం సినిమా రాసేశాడు. రాసి, పెన్ను మూత పెడుతూ, "ఆ నడకకి పక్కనెవరో చప్పుడు చేశారని రుజువు చెయ్యండి, నా చెవి కోసి ఈ డబ్బాలో పెడతా," అన్నాడు.

ఆమె జిగురు సీసా కింద పెట్టేసింది. బాధపడాలి నిజానికి, తన సినిమా పేరు రాయలేదు. కానీ బాధ పడటానికి లోపల చోటెక్కడుంది! రీలు తెగకముందే పసిగట్టే ఆ చెవి, తన అడుగుల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి విన్న ఆ చెవి, అవి నిజం అడుగులనుకుంది. ఆపుకోలేక నవ్వేసింది.

"అయితే కత్తి తెమ్మంటావా నాన్నా?"

"ఏమిటే?"

"అది నేను నడిచాను."

ముందుగది మొత్తం నోరు మూసుకుంది. ఆ గదిలో అలా జరగడం అదే మొదటిసారి.

"సెట్టు ప్లైవుడ్డుతో కట్టారు," అంది ఆమె. "ఆవిడ నడిస్తే డొల్ల చప్పుడు. పైగా ఆవిడకి యాభై రెండేళ్ళు, చకచకా నడిచేస్తుంది. షూటింగులో వచ్చిన అడుగులన్నీ తీసి పారేశారు. పదకొండు రోజులు పట్టింది నాకు, మొదటినుంచీ చివరిదాకా నడవడానికి."

"మరి ఆ తలుపు దగ్గర?"

"అది డైరెక్టరు చెప్పలేదు, ఆవిడా చెయ్యలేదు. నాకే అనిపించింది. గుర్తు తెచ్చుకో నాన్నా. ఆ తలుపు దగ్గర ఆవిడ నడుము పైకే కనిపిస్తుంది. కాళ్ళుండవు."

ఆపరేటరు కళ్ళు మూసుకున్నాడు. ఆ సినిమా ఆయన లోపల ఎక్కడో మళ్ళీ తిరుగుతోందని ఆమెకి తెలుసు. కళ్ళు తెరిచి, "ఉండవు," అన్నాడు. అయినా ఊరికే ఒప్పుకుంటే ఆయన ఆయనెందుకవుతాడు?

"చెప్పడం కాదు. నడువు."

కుర్చీని గోడవైపు తిప్పేసుకుని కూర్చున్నాడు. ఆమె అటూ ఇటూ చూసి, గుమ్మంలో ఉన్న ఆయన తోలు చెప్పులే వేసుకుంది. బీరువా పక్కన ఆ తలుపు ఉందనుకుంది. ఒంట్లో బరువంతా మడమల్లోకి దించి, ఎడమ మోకాలిని ఒక్క క్షణం అడిగి, నడిచింది. బీరువా దగ్గర అడుగు తేలికైంది. తిరిగి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. మూడోసారి తేలిక చెయ్యలేదు. మామూలుగా, అడుగు పూర్తిగా వేసి దాటేసింది.

బుకింగ్ బాబాయి కాఫీ కప్పు నోటి దగ్గర పెట్టుకుని తాగడం మర్చిపోయాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆపరేటరు ఇటు తిరగలేదు. ఆయన భుజాలు ఒకసారి కదిలాయి.

"ఇంకోసారి," అన్నాడు గోడతో.

ఇంకోసారి నడిచింది.

"ఇప్పుడు ఎడమ కాలి దగ్గర ఎక్కువ ఆగావు. సినిమాలో అంత లేదు."

"నీ చెప్పులు పెద్దవి నాన్నా, జారాయి."

"జారితే వేళ్ళు బిగించాలి. నాకు సాకులు చెప్పకు."

పద్దెనిమిదేళ్ళు కాచుకున్న మాట అదే. ఆయన తప్పు పట్టాడు. పాతికేళ్ళు తన పక్కన పనిచేసిన మనిషిని కసిరినట్టు కసిరాడు. ఆమెకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ చెప్పులతో గంతేస్తే పడిపోతుందని ఆగింది.

ఆయన కుర్చీ ఇటు తిప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దాచుకోలేదు. "తల్లీ, పదకొండు రోజులూ ఇలాగే నడిచావా? మోకాళ్ళు నొప్పులు పుట్టలేదా?"

"పుట్టాయి."

"మరి చెప్పవేం?"

"చెబితే బాగుందమ్మా అంటావు."

ఆయన తను రాసిన లిస్టు వైపు చూసుకున్నాడు. మాస్టారు పరిస్థితి కనిపెట్టి తెల్లకాగితం ఒకటి ముందుకు తోశారు. "నియమాలు మనమేగా పెట్టుకుంది. ఇంకోటి రాయండి. ఐదో పేరు మార్చెయ్యండి."

ఆపరేటరు పెన్ను తీసుకుని కూతురి ముఖంలోకి చూశాడు. "రాయమంటావా?" ఆయన తన లిస్టు గురించి ఒకరిని అడగడం ఎవరూ ఎరగరు.

"వద్దు నాన్నా. ఎవరు చేశారో తెలియనప్పుడు రాశావు చూడు, అదే నాకు గొప్ప. అలాగే ఉంచు."

కాగితాలు డబ్బాలోకి వెళ్ళాయి. మూత ఆమే బిగించింది.

మర్నాడు పది గంటలకి నలుగురూ టీవీ ముందున్నారు. ఉత్తమ శబ్దం. మొదటి నాలుగు పేర్లూ ముగ్గురూ రాసినవే వచ్చాయి. ఐదోది చదివే ముందు టీవీలో అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. ఆపరేటరు కుర్చీ అంచుకి వచ్చేశాడు. తన లిస్టు తప్పాలని ఆయన అంతలా కోరుకోవడం ఆ గది గోడలక్కూడా కొత్తే.

యుద్ధం సినిమా.

"పదో ఏడు! ఐదుకి ఐదు!" అని ఎగిరిన బుకింగ్ బాబాయి, సగంలో నాలుక కరుచుకుని కూర్చున్నాడు.

ఆమెకి బాధ కలగలేదంటే అబద్ధం. చురుక్కుమంది. కానీ అది లోపలికి దిగేలోపే తండ్రి ముఖం చూసింది. ఆయన అంత కోపంగా ఉండటం ఆమె చూసి చాలా ఏళ్ళయింది.

"నాన్నా, ఊరుకో. నువ్వు గెలిచావుగా."

"గెలుపా ఇది? నాలాంటి మొద్దులే అక్కడా కూర్చున్నారని తెలిసింది, అంతే."

ఫోన్ మోగింది. హాలు పాతవాళ్ళలో గేట్‌మన్, ఏటా మొదటి ఫోన్ అతనిదే. "అన్నా, మళ్ళీ కొట్టావా లేదా!" అన్న అరుపు గదంతా వినపడింది.

"కొట్టలేదు, దెబ్బ తిన్నాను," అన్నాడు ఆపరేటరు. "నేనూ తిన్నాను, ఆ జ్యూరీ వాళ్ళంతా తిన్నారు. ఆ ముసలావిడ సినిమా చూశావా? చూడు. ఆ నడక వింటే అక్కడ ముసలావిడ తప్ప ఇంకెవరూ లేరనుకుంటావు. మేమూ అలాగే అనుకున్నాం. ఉంది, మా అమ్మాయి ఉంది!"

ఆమె సంచి సర్దుకుంటూ ఆగిపోయింది. స్టూడియోకి అప్పటికే ఆలస్యమైంది. ఆ రోజు ఒక పోలీసుగా పరిగెత్తాలి.

"ఏం చేసిందంటావేమిటి? నడిచింది," తండ్రి గొంతు మెట్లదాకా వచ్చింది. "ఊరికే నడవడమేనా అంటావా? ఫోన్ కింద పెట్టి నీ ఇంట్లో నువ్వు నాలుగడుగులు వెయ్యి. వేసి, అది విని నన్ను ఏడిపించు చూద్దాం!"

అవతల గేట్‌మన్ ఏమన్నాడో ఆమెకి వినపడలేదు. వీధిలోకి వచ్చేసరికి రెండో ఫోన్ మోగుతోంది.