ఆకులు తినే రాకాసి

అరవైతొమ్మిదిల లేసిన తెలంగాణ లొల్లి సల్లబడ్డ మూడేండ్లకు వానలు మొకం చాటేసినయి. భూపాలపల్లి అడివంచు తండాల సుక్కికి మిగిలింది ఒక్కటే ఎద్దు, ధోళ్యా. దాని జోడెద్దు ఎండకాలంలనే పోయింది. ధోళ్యా నిలబడితే పక్కింటి మోతీలాల్ ఎద్దుతోని జతకట్టి నాలుగు సాళ్లు దున్నుకోవచ్చు. అది పడితే మొగుడూపెండ్లాలు మూట నెత్తిన పెట్టుకుని దేశం పట్టుకపోవుడే. ఇంట్ల ఉన్న మేత ఒక్క జొన్నచొప్ప కట్ట. సుక్కి దాన్ని దూలానికి కట్టి పూటకు పిడికెడు తీసి పెట్టేది.

వాళ్ల చెల్క అంచున, వాగు కోసిన గట్టుల పెద్ద పెద్ద రాతిబొక్కలు, రాయైపోయిన ఎముకలు, తేలి ఉండేవి. పశువులను మింగిన రాకాసివని తాతల నాటి మాట. అందుకే ఏటా దుక్కికి ముందు అక్కడ మేకను కోసేవాళ్లు. ఆ ఏడు కోద్దామంటే మేక ఏది? మనుషులకే గంజి కరువాయె.

అప్పుడే చంద్రమౌళి అనే సర్కారు సారు కూలీలతోని వచ్చి ఆ బొక్కలు తవ్వబట్టిండు. సుక్కి, ఆమె మొగుడు భోజ్యా పోయి పక్కన కూసున్నరు.

"గిది రాకాసి కాదు భోజ్యా, ఆకులు తినే జీవి," అన్నడు సారు. "దీని తాతముత్తాతలు లేగదూడంతనే ఉండి, రెండు కాళ్ల మీద ఉరికేవి. ఆకు అరగాల్నంటే పెద్ద పొట్ట గావాలె. తరాలు గడిచినకొద్ది పొట్ట పెరిగె, బరువుకు ముందుకాళ్లు నేలకానె, పై కొమ్మలు అందేటట్టు మెడ సాగె."

"మెడ సాగనీకె ఎన్నేండ్లు పట్టింది సారూ?" సుక్కి అడిగింది.

"లచ్చలకు లచ్చల ఏండ్లు."

అడివిల కింది కొమ్మలు ఎప్పుడో ఖాళీ అయినయి. ధోళ్యాకు అంత గడువు యాడిది?

"గడ్డి తినకపోయేదా?" అన్నడు భోజ్యా.

"ఇది బతికినప్పటికి భూమ్మీద గడ్డే పుట్టలే."

ఆ మాట భోజ్యా గుండెల పడ్డది. "ఆకులు తినే నోటికి ఇన్నేండ్లు నెత్తురు పోసినం సుక్కీ. వానలెట్ల పడతయి?" అన్నడు ఇంటికొచ్చి. తండా నాయకుడు అమర్‌సింగ్ కూడ అవునన్నడు. గడ్డి రుచే ఎరుగని జీవం, గడ్డి పెట్టి తప్పు కడుక్కోవాలన్నడు. తండా మొత్తంల గడ్డి ఉన్నది సుక్కి ఇంట్లనే.

సుక్కి కట్టను కావలించుకుంది. "సచ్చినదానికి పెట్టి బతికున్నదాన్ని సంపుతరా?"

చెవిటోని ముందు శంఖం ఊదినట్టే ఆయె. "నాకు మాత్రం ధోళ్యా మీద పాణం లేదా? వాన పడితే గడ్డే గడ్డి," అని భోజ్యా ఏడ్సిండు. దొంగైతే కొట్టొచ్చు, ఏడ్సే మొగున్ని ఏం జేస్తది? ఆమె చేతులు సడలినయి.

పొద్దుగాల కట్టకు పసుపు పెట్టి బొక్కల ముందు ఉంచొచ్చినరు. మబ్బు తునక లేదు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ధోళ్యా కూలింది. మోతీలాల్, భోజ్యా దాని కడుపు కింద బొంగులు పెట్టి లేపిన్రు. మళ్ల కూలింది.

దేవుని సొమ్మైతే ఏంది, చొప్ప తెచ్చుకుంటనని సుక్కి వాగుకు ఉరికింది. అక్కడ బొక్కలను పట్నం తీస్కపోయే లారీ నిండింది. బొక్కలు పగలకుండ కూలీలు పెట్టెలల్ల నడుమ సుక్కి చొప్పనే కుక్కి మేకులు కొట్టిన్రు. సారు జీపుల ముందే పోయిండు.

"ఎవరో పడేసిపోయినరనుకున్నం అక్కా," అన్నడొక కూలి, పాపం. పెట్టె ఇప్పుమని ఆమె అడిగేలోపే లారీ కదిలింది.

నేల మీద రాలిన నాలుగు పుల్లలు ఏరుకుని సుక్కి ఇంటికి ఉరికొచ్చింది. ధోళ్యా వాసన చూసి నాలుక చాపింది కని, నమలనీకె దవుడ లేవలే. సుక్కి ఆ చొప్పను తన నోట్ల ఏసుకుని నమిలి, మెత్తగ చేసి దాని నాలుక మీద పెట్టింది. పసుపంటిన పచ్చటి ముద్ద అట్లనే ఉండిపోయింది.