ఆడదాని కిడ్నీ

"మెల్లగ పట్టు. నీ కిడ్నీ పెట్టిన సంది నా ఒంట్ల బొక్కలు గుల్లయినయి," అన్నాడు పాండురంగం, స్నానాల గదిలో పీట మీది నుంచి లేస్తూ. లేవడమంటే తనంతట తను లేవడం కాదు. భార్య సరస్వతి అతని చంకల కింద చేతులు వేసి లేపాలి. లేపినప్పుడల్లా ఆమె ఎడమ పక్క, ఎనభై మూడులో మద్రాసులో కోసిన చోట, లోపల ఏదో గుంజినట్టవుతుంది. బరువులెత్తొద్దని అక్కడి డాక్టర్లు ఆమెకూ చెప్పారు. అతనికి చెప్పినవన్నీ భద్రంగా వరంగల్ చేరాయి. ఆమెకు చెప్పింది రైల్లోనే పోయింది.

మేనత్త కొడుక్కే ఇచ్చి చేశారామెను. అత్త భద్రమ్మ ఆమె తండ్రికి సొంత అక్క. అందుకే నెత్తురు కలిసింది, కిడ్నీ కలిసింది. "మా తమ్ముని బిడ్డ, మా నెత్తురే," అని భద్రమ్మ అప్పుడు బజారంతా చెప్పుకుంది. నిరుడు బట్టల దుకాణం మెట్టు మీద కాలు జారి, ఆ కాస్తకే కొడుకు తుంటి విరిగేసరికి అదే నెత్తురు పరాయిదైపోయింది. "ఆడదాని కిడ్నీ గద, ఆడోళ్ల నడుం నొప్పులన్నీ ఎంబడి తెచ్చింది," అంది. హనుమకొండ దవాఖానలో డాక్టరు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా వేసుకునే గోలీలే ఎముకల్లోని సున్నాన్ని తినేస్తున్నాయని, అయినా వాటిని ఆపితే కిడ్నీకే మోసమని, ఎముకలకు వేరే మందులు, పాలు, రోజూ కాస్త నడక కావాలని. పాండురంగం విన్నాడు. ఇంటికొచ్చి తల్లి మాటే నమ్మాడు. అదే సులువు మరి. గోలీని తిడితే గోలీకేం బాధ? పెళ్లాన్ని తిడితే ఎదురుగా పడేందుకు ఓ మనిషి ఉంటుంది. సరస్వతికి ఒక్కోసారి తనలోంచి పోయిన ఆ ముక్క మీద జాలి పుట్టేది. పాపం, పరాయి ఒంట్లో రాత్రీ పగలూ చాకిరీ చేస్తోంది, ఒక్క మంచి మాటకు నోచుకోలేదు, అచ్చం నాలాగే అనుకునేది. అనుకుంటే ఏడుపొచ్చేది.

ఆ పూట అన్నాల దగ్గర భద్రమ్మ కొడుకు కంచంలో పెరుగు వేస్తూ మొదలుపెట్టింది.

"నేనొకటి అనుకుంటున్న బిడ్డా. ఈ కిడ్నీ తీపిచ్చి కళావతిది పెట్టిద్దాం. లగ్గం గాని పిల్ల, గట్టిగుంటది. రేపు పొద్దున పాలకుర్తి పోయి, వంటకు తోడుంటదని చెప్పి తీస్కొస్త. మా తమ్ముడు నా మాట ఎన్నడన్న కాదన్నడా?"

కళావతి సరస్వతి చెల్లెలు. తండ్రి కాదనడని సరస్వతికి తెలుసు. పెద్దదాన్ని ఇచ్చినప్పుడూ, పెద్దదాని కిడ్నీ ఇచ్చినప్పుడూ ఆయన అక్క మాట కాదనలేదు. ఆమె మొగుడి వైపు చూసింది. ఈ ఒక్క మాటకైనా అడ్డం చెబుతాడనుకుంది.

అతను అన్నం కలుపుతున్నాడు. "పిల్ల ఒప్పుకుంటదా అమ్మా?" అన్నాడు.

"అక్క పుస్తె కోసం ఒప్పుకోదా?"

సరస్వతి నీళ్ల చెంబు కింద పెట్టింది.

"కళావతి రాదు అత్తా. పొద్దుగాల బస్సుకు నేనే పోయి నాయనకు, చెల్లెకు అంత చెప్త. నా కిడ్నీ మంచిగ లేదంటున్రు గద, తీపియ్యుండ్రి. తీసినంక నాది నాకు పెట్టియ్యుండ్రి. నాకు పనికొస్తది."

పాండురంగం చెయ్యి కంచంలోంచి లేచింది. తెల్లారి లేస్తే ఆ కిడ్నీని తిట్టే మనిషి, పొత్తికడుపులో అది ఉన్న చోటును, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు ఎంగిలి చేత్తోనే గట్టిగా కప్పుకున్నాడు.