పేరు మార్చిన మనిషి

పొద్దున కళ్లకెక్కిన ఘాటు మధ్యాహ్నానికి గొంతులోకి దిగింది. కోల్డ్‌స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో, మిరపకాయల రాశి చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ముక్కూ నోరూ పాతచీర పీలికలతో కట్టుకుని తొడిమలు తుంచుతున్నారు. షెడ్డు మొత్తానికి ఉన్న ఒక్క ఫ్యానూ మేస్త్రీ బుల్లయ్య కూర్చునే కాటా వైపు తిరిగి ఉంది.

అంత మంటలోనూ శ్రీరమ్య మొహం వెలిగిపోతోంది. పెళ్లయి రెండు నెలలు కాలేదు. కాళ్లు చాపినప్పుడల్లా కొత్త మెట్టెలు కనబడి తనలో తనే నవ్వుకుంటుంది. బి.ఏ., బి.ఎడ్. పాసై, టీచరు పరీక్ష ఎప్పుడు పెడతారా అని చూస్తూ, ఈలోగా అత్తగారు వెంకటేశ్వరమ్మ వెంట పనికొస్తోంది. ఊళ్లోని కూలీలందరినీ గుంటూరు తీసుకొచ్చేది శ్రీరమ్య మొగుడు రామాంజనేయులి ఆటోయే. అద్దంలో అతను తననే చూస్తాడని ఆమెకు తెలుసు. ఆ చూపు ఆటోలో అందరికీ తెలుసునన్నదే తెలియదు.

ఇవాళ ఇంకో సంతోషం కూడా ఉంది. నవల మొదలైంది.

కాలేజీలో ఉన్నప్పటి కోరిక అది. వారం రోజులుగా మొదటి పేజీ రాయడం, కొట్టేయడం. వెన్నెలతో మొదలుపెడితే రామాంజనేయులు చదివి, "ఏంది, కరెంటు పోయిందా?" అన్నాడు. వానతో మొదలుపెడితే, "కల్లంలో కాయలున్నయ్యి, ఇప్పుడు వాన రాయమాకు తల్లీ" అని దండం పెట్టాడు. నవ్వలేక చచ్చింది. చివరికి తెలుగు చెప్పిన రాగసుధ మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ తేలిగ్గా తేల్చేసింది. "బాగా తెలిసిన మనిషిని తీసుకోమ్మా. పేరు మార్చు. రాసింది ఎవరికైనా వినిపించు. మొదలంటే అంతే."

వినిపించడానికి షెడ్డును మించిన చోటు లేదు. అక్కడొక పద్ధతుంది. కూలి తూకం మీద. కిలోకి పన్నెండు రూపాయలు. కథ చెప్పేవాళ్ల చెయ్యి నెమ్మదిస్తుంది కాబట్టి, వింటున్నవాళ్లు తలా ఒక గుప్పెడు తుంచిన కాయలు వాళ్ల గంపలో వేస్తారు. కథ బాగుంటే గంప దానంతటదే నిండుతుంది.

"చెప్పవే కొత్తకోడలా, మొగుడి కబుర్లు గాకుండా ఏమన్నా చెప్పు" అన్నారెవరో.

శ్రీరమ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అనగనగా కరీమా అని ఒకామె. మొగుడు పోయాడు, కూతురి కాన్పు దగ్గర పడింది. మిరపకాయల పని. దగ్గొస్తే ఎవరికీ వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుని మింగేస్తుంది. మరీ ఆగనప్పుడు బస్తాల చాటుకు పోయి, రవికెలో దాచుకున్న పీల్చే మందు తీసి రెండుసార్లు పీల్చుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటుంది.

షెడ్డు నిశ్శబ్దమైపోయింది. ఒకామె కళ్లు తుడుచుకుంది. కథ గుండెకు తగిలిందనుకుని శ్రీరమ్య పొంగిపోయింది. అవతలి పక్కన కూర్చున్న తమ ఊరి జానీబీ తలెత్తలేదన్న సంగతి ఆ పొంగులో చూడలేదు. తన గంపలోకి ఒక్క గుప్పెడూ రాలేదన్నదీ చూడలేదు.

బస్తాల వెనక నిలబడి బుల్లయ్య అంతా విన్నాడు.

సాయంత్రం తూకాలయ్యాక జానీబీని పక్కకు పిలిచాడు. "ఏమ్మా, రేపట్నించి రామాకు. నిరుడు పక్క షెడ్డులో ఒకామె పడిపోతే మేస్త్రీని పీకి పారేశారు. నీకేదన్నా అయితే నేనెవడికి చెప్పుకోవాలి?"

"నాకేమయిందయ్యా? నా తూకం ఏనాడన్నా తగ్గిందా?"

"రవికెలో ఏం పెట్టుకున్నావో తియ్యమంటావా?"

జానీబీ చెయ్యి గుండెల మీదికి పోయింది.

తిరుగు దారిలో ఆటో అద్దంలో చూసిన రామాంజనేయులికి పెళ్లాం కళ్లు దొరకలేదు. ఇంటి దగ్గర దిగాక వెంకటేశ్వరమ్మ ఒకే మాట అంది. "మేమందరం ఎరిగిందేనే అది. ఎరిగి కడుపులో పెట్టుకున్నాం. నువ్వు చాటింపు ఏసొచ్చావు."

దీపాలవేళ శ్రీరమ్య జానీబీ ఇంటికి పోయింది. గుమ్మంలో నిండు చూలాలు హీనా కూర్చుని ఉంది. తల్లి పొయ్యి దగ్గర బియ్యం కడుగుతోంది.

"పిన్నీ, రేపు మేస్త్రీతో చెబుతా. అదంతా నేను కల్పించిందే, ఒట్టి కథ అంటా."

"నా రొమ్ములో పిల్లికూతలు వినపడుతుంటే నమ్ముతాడా?"

"నీ పేరు ఎక్కడా రానీలేదు పిన్నీ..."

"పేరు మార్చావు గానీ, దగ్గు మార్చలేదు గదమ్మా."

తిట్టి ఉంటే బాగుండునని శ్రీరమ్యకు అనిపించింది. జానీబీ తిట్టలేదు. తడిచేత్తోనే పీట లాగి కూర్చోమంది. శ్రీరమ్య కూర్చోలేకపోయింది. వెనక్కి తిరుగుతుంటే హీనా అడిగింది, "అక్కా, మా అమ్మ కథ ఇంకా ఉందా? అయిపోయిందా?" ఎగతాళి చేస్తోందో నిజంగా అడుగుతోందో ఆ పిల్ల మొహంలో తెలియలేదు.

రామాంజనేయులు ఆ పూట అన్నం కలిపి పెట్టబోయాడు. "కథే గదే, వదిలెయ్యి. ఆదివారం వాడరేవు సముద్రానికి పోదాం" అన్నాడు. వాడరేవంటే చంటిపిల్లలా ఎగిరే మనిషి మొహం తిప్పుకుంది.

మర్నాడు షెడ్డులో ఆడవాళ్లు కొద్దికొద్దిగా సర్దుకుని కూర్చున్నారు. జానీబీ కూర్చునే చోటు మాత్రం ఎవరూ కలుపుకోలేదు. తొడిమలు తెగే చప్పుడే ఉంది. శ్రీరమ్య గోళ్ల సందుల్లో కారం మండుతోంది. అందరి చేతులూ మండుతున్నాయి.

బుల్లయ్య టీ తాగుతూ రాశి దగ్గరికి వచ్చాడు. ఇవాళ అతని గొంతులో తేనె ఉంది.

"ఏమ్మాయ్, నిన్న మంచి పట్టు మీద ఆపావే! చదువుకున్న పిల్లవి, బాగా చెబుతున్నావు. కానీయ్. కరీమా అయింది. తర్వాత ఎవరు?"

ఆ "ఎవరు" దగ్గర అతని కళ్లు రాశి చుట్టూ ఒక్కొక్క మొహం మీదుగా తిరిగాయి. చీరపీలికల పైన అన్నీ ఎర్రని కళ్లే. మొన్నటిదాకా పేర్లు, కొంగులు, నవ్వులుగా కనిపించిన మనుషులు ఆ చూపు తగలగానే ఒదిగి చిన్నగా అయిపోవడం శ్రీరమ్య చూసింది. తనకు తెలిసిన మనుషులు. ఎవరికి ఏముందో, ఎవరు ఏం దాచారో అన్నీ తెలిసిన మనుషులు.

"చెప్పనండి" అంది.

"ఏందీ?"

"జానీబీ పిన్నిని పిలిపించండి. ఆవిడ వచ్చి కూర్చుంటే ఆవిడనడిగి చెబుతా. లేకపోతే ఈ షెడ్డులో కథ లేదు."

బుల్లయ్య నవ్వాడు. "అబ్బో! షరతులా? కోడలికి బుద్ధి చెప్పుకోమ్మా వెంకటేశ్వరమ్మా. గేటు బయట పని అడిగేవాళ్లు బారులు తీరి ఉన్నారు."

అత్తగారేమంటుందోనని శ్రీరమ్య అటు చూసింది. వెంకటేశ్వరమ్మ కోడలి వైపు చూడలేదు, మేస్త్రీ వైపూ చూడలేదు. చేతిలో ఉన్న కాయ రాశి మీద పడేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. ఆమె పక్కనున్న ఆమె కూడా ఆగింది. ఆపైన ఇంకొకరు. కొందరి చేతులు మాత్రం ఆగలేక, సాగలేక, కాయ పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

అంత నిశ్శబ్దంలో, అప్పటిదాకా ఎలా అణచుకుందో ఏమో, ఎవరో దగ్గారు. ఆగకుండా, లోపలి పేగులు కదిలేలా దగ్గారు.

బుల్లయ్య చప్పున తల తిప్పి వెతికాడు.

రాశి చుట్టూ ఉన్న ఒక్క ఆడదీ ఆ వైపు చూడలేదు.