గోళీ వేసుకున్న గంటకు

మా అన్న తిరుపతి చదువుకున్నవాళ్ల మాట జన్మలో ఒక్కసారే శ్రద్ధగా విన్నాడు. అదే మా కొంప ముంచింది.

నాయనకు వణుకు జబ్బు. గోళీ వేసుకుంటే నడుస్తాడు, లేకపోతే కొయ్యబారి కూర్చుంటాడు. ఆ జబ్బున్నవాళ్ల మెదడు ఎలా నేర్చుకుంటుందో, ఎలా నిర్ణయిస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టే ఆమని మేడమ్ మా గోపన్‌పల్లి పక్కనున్న యూనివర్సిటీలో పనిచేస్తుంది. ఆమె అడిగితే నాయనను తీసుకెళ్లాం. తెర మీద రెండు బొమ్మలు వస్తాయి, ఒకటి నొక్కాలి. ఒక బొమ్మ ఎక్కువగా పాయింట్లు ఇస్తుంది, ఇంకొకటి గుంజుకుంటుంది. ఒకరోజు గోళీ లేకుండా, ఇంకోరోజు గోళీ వేసుకున్న గంటకు ఆడించారు.

ఫలితం చూపిస్తుంటే మేడమ్ ముఖం వెలిగిపోయింది. “మెదడు ప్రతిసారీ ముందుగా ఒక అంచనా వేసుకుంటుందండి. జరిగింది చూసి ఆ అంచనాను దిద్దుకుంటుంది. గోళీ లేనప్పుడు మీ నాన్నగారు నష్టాన్ని చూసి బాగా నేర్చుకున్నారు. గోళీ పనిచేస్తున్నప్పుడు లాభమే తలకెక్కింది, నష్టం ఎక్కలేదు. మేం రాసిన మోడల్ సరిగ్గా ఇదే చెప్పిందండి.”

“అంటే గోళీ ఏసుకున్నంక జల్ది ఒప్పుకుంటడా మేడమ్?” అన్నాడు అన్న.

“ఆటలో అంతేనండి. బయట కూడా అలాగే జరుగుతుందని చెప్పలేం.”

ఆ రెండో మాట అన్న చెవిన పడలేదు.

అపార్ట్‌మెంట్ల మధ్య మాకు మిగిలింది కాస్త జాగా. అందులో అమ్మ సమాధి ఉంది. బిల్డర్ కొంటానని ఎన్నిసార్లు వచ్చినా నాయనది ఒకటే మాట: “సత్తెమ్మ పండుకున్న జాగ. నేను సచ్చేదాక ఎవనికియ్య.” ఇన్నాళ్లూ అన్న తెలివితక్కువగా పొద్దున్నే, గోళీకి ముందే అడిగేవాడు. ఇప్పుడు వాడికి వేళ తెలిసింది.

మరుసటి వారం నేను కోకాపేటలో డ్యూటీకి వెళ్లగానే నాయనకు గోళీ వేసి, గంట ఆగి, బిల్డర్ కారులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. నాయన అందరితో జోకులేస్తూ, చెయ్యి వణక్కుండా సంతకం పెట్టాడట. ఆ సంగతి చెబుతూ అన్న నవ్వాడు చూడండి, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

తెల్లారేసరికి గోళీ బలం దిగిపోయింది. జాగాలో దిగిన జేసీబీ చప్పుడు మా ఇంటిదాకా వస్తోంది. నాయనకు అప్పుడు అర్థమైంది.

“సంతకం నేనెట్ల పెట్టిన బిడ్డా, రేఖా?” అని ఏడ్చాడు. “ఆ గోళీయే పెట్టించింది. ఇగ నాకొద్దు. తెలివితోటి ఏడ్వనియ్యి నన్ను.”

నోరు గట్టిగా బిగించుకున్నాడు. మధ్యాహ్నానికి మెడ తిరగలేదు. నీళ్లు తాగిస్తే పొలమారింది. పంచె తడిసిపోయింది. నన్ను చూసి సిగ్గుతో కళ్లు మూసుకున్నాడు. నా వల్ల కాలేదు. గోళీ నూరి, చెప్పకుండా అంబలిలో కలిపి చెంచాతో తాగించాను.

గంటకు వణుకు ఆగింది. నాయన లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, కిటికీ దాకా నడిచి జేసీబీ వైపు చూశాడు. నవ్వుతూ నావైపు తిరిగాడు.

“మంచి బేరమే కుదిరింది బిడ్డా. మీ అన్న హుషారోడు.”

రేపు పొద్దున ఆయనకు మళ్లీ అమ్మ గుర్తొస్తుంది. నేను మళ్లీ గోళీ నూరాలి.