హస్తవాసి

సెలూన్ నడిపే ఆ తండ్రివి చేటంత చెవులు. కస్టమర్లు నవ్వితే, "నాకు ఫ్యాన్ ఖర్చు లేదండీ" అని తనే ముందు నవ్వేవాడు. అవే చెవులు కూతురికి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేకపోయాడు. చిన్నప్పటి నుంచీ ఆమె జుట్టు ఆయనే చెవులు కప్పేలా కత్తిరించేవాడు. అయినా కాలేజీలో వెక్కిరింతలు తప్పలేదు. పంతొమ్మిదో ఏట పట్టుబట్టి చెవులు తలకు ఆనేలా ఆపరేషన్ చేయించుకుంది.

"వారం దాకా కట్టు విప్పకండి. నొప్పి పెరిగితే నాకు ఫోన్ చెయ్యండి. మీరు మాత్రం ముట్టుకోవద్దు," అన్నాడు డాక్టర్.

మూడో రోజు మధ్యాహ్నం ఎడమ చెవి పోట్లు పెడుతోందని పిల్ల మంచం మీద ముడుచుకుపోయింది. తండ్రి ఫోన్ తీశాడు, మళ్లీ పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్లుగా తలలు పట్టుకుని బతుకుతున్నవాడు ఒక కట్టు గురించి ఇంకొకరిని అడగడమా! మనిషి చెడటానికి ఆ పొగరు ఒక్కటి చాలు.

"డాక్టర్‌ని అడగవా నాన్నా?"

"నా చేత్తో ఎన్ని గాట్లు మాన్పలేదమ్మా!"

విప్పి చూస్తే చెవి ఉబ్బి నల్లబడి ఉంది. గడ్డం గీసేటప్పుడు తెగితే షాపులో ఏం చేస్తాడో అదే చేశాడు. వేడి నీళ్లలో పిండిన టవల్ అద్ది, పటిక నీళ్లతో తుడిచి, కాస్త వదులుగా మళ్లీ కట్టాడు. నొప్పి తగ్గినట్టనిపించి పిల్ల కళ్లు మూసుకుంది.

"నీ హస్తవాసి మంచిది నాన్నా," అంది.

ఆయన పొంగిపోయాడు.

ఏడో రోజు ఆస్పత్రిలో కట్టు విప్పగానే గదంతా చీము వాసన.

"మధ్యలో ఎవరు విప్పారు?" అన్నాడు డాక్టర్.

తండ్రి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కూతురు నేలకేసి చూస్తూ, "నేనే" అంది.

కుళ్లినదంతా తీసేశాక ఎడమ చెవి ఎండిన పుట్టగొడుగులా మిగిలింది. పటిక ముక్కను ఆయన మురిక్కాలవలో విసిరేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

నెల తర్వాత ఒక ఉదయం, ఇంకా ఎవరూ రాకముందే, కూతురు వచ్చి షాపు కుర్చీలో కూర్చుంది. అద్దంలో కుడి చెవి ఆమె కోరుకున్నట్టే పొందికగా, తలకు ఆనుకుని ఉంది. దాన్ని చూసేసరికి ఆయనకు ఏడుపు ఆగలేదు.

"డాక్టర్‌తో నిజం చెప్పేస్తానమ్మా."

"చెప్తే చెవి వస్తుందా?"

ఆయన ఆమె మెడకు గుడ్డ చుట్టాడు. దువ్వెన అందుకున్నాడు.

"ఎలా కత్తిరించమంటావు తల్లీ?"

"ఎప్పట్లాగే నాన్నా. రెండు చెవులూ కప్పేలా."