నూట ఇరవై, ఎనభై

నర్సింగు విద్యార్థినులకు రక్తపోటు చూడడం నేర్పడం నా పని. చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి వదులుతూ, స్టెతస్కోపులో టక్ టక్ ఏ అంకె దగ్గర మొదలైందో, ఎక్కడ ఆగిందో వినాలి. అంతే. అదీ చేతకాదంటే ఒళ్ళు మండదా? అందుకే బోర్డు మూలన ఒక గడి గీసి, పైన ‘చెవిటి మేళం’ అని రాశాను. ‘వినపడలేదు’ అన్నవాళ్ళ పేర్లు అందులోకి ఎక్కేవి. మొదటి వారం తొమ్మిది మంది. ఏడ్చారు. ఏడవనీ అనుకున్నాను. మమ్మల్నీ అలాగే వాయించి నేర్పారు మరి.

మూడో వారానికి గడి ఖాళీ. “మంత్రం వేశారా?” అన్నారు ప్రిన్సిపాల్. నేను ఉబ్బిపోయాను. సోమవారం నుంచి వాళ్ళు వార్డులకు వెళ్ళాలి. పని వచ్చని సంతకం పెట్టాల్సింది నేనే.

శుక్రవారం పొద్దున తల దిమ్ముగా ఉంటే, ఎలాగూ క్లాసే కదా అని నా చెయ్యే చాపాను. నలుగురు చూశారు. నలుగురూ “నూట ఇరవై, ఎనభై మేడమ్” అన్నారు. నిక్షేపంలా ఉన్నానన్నమాట! మధ్యాహ్నం మెట్లెక్కుతూ కూలబడ్డాను. డాక్టరు చూస్తే నూట తొంభై, నూట పది.

ఆ నలుగురిలో సన్నగొంతు పిల్లను, అందరూ పిచ్చుక అంటారు, పిలిపించాను.

“నిజం చెప్పు. నీకు వినపడిందా?”

“లేదు మేడమ్.”

“మరి ఆ అంకె ఎక్కడిదే?”

“మామూలుగా ఉండాల్సింది అదే కదా మేడమ్. రానివాళ్ళందరం అదే చెప్పేస్తున్నాం. లేకపోతే బోర్డెక్కిస్తారుగా.”

నా మీద నాకే అసహ్యమేసింది. మూడు వారాలు గొంతు చించుకుని నేను నేర్పింది ఒక్క అంకె.

శనివారం ఆ గడి చెరిపేశాను. “ఇక పేర్లు రాయను, ఒట్టు. వినపడనివాళ్ళు చెయ్యెత్తండి. మొదటినుంచి నేర్పుతాను” అన్నాను.

ఇరవై రెండు మందిలో ఒక్క చెయ్యీ లేవలేదు. పిచ్చుక కూడా నోట్సులో తల దూర్చేసింది.

“రాదని నాకు తెలుసు! ఎత్తండి!”

తలలు ఇంకా కిందికి దిగాయి. నాకు తిక్క రేగింది. “ఎత్తనివాళ్ళ పేర్లు ఇప్పుడే...” అంటూ సుద్దముక్క అందుకున్నాను.

ఇరవై రెండు చేతులూ ఒక్కసారే లేచాయి. వాళ్ళలో నిజంగా రానివాళ్ళెవరో నాకు ఇంకా తెలియదు.