అతికిన గిన్నె

మిట్టమధ్యాహ్నం చీకటి పడింది.

మబ్బు కాదు. యుద్ధంలో కువైట్ చమురు బావులు తగలబడుతున్నాయి — ఆ పొగ గాలివాటున సౌదీలోని హుఫూఫ్ దాకా వచ్చింది. ఖర్జూరాకుల మీద మసి. రొట్టెల మీద మసి. నాలుక మీద కూడా మసి...

ఆ చీకట్లో కఫీల్ వచ్చాడు, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. సంచిలోంచి ఒక వెండి గిన్నె తీసి అవుసలి దామోదర్ పట్టెడ పక్కన పెట్టాడు. సరిహద్దు దాటి పారిపోయి వచ్చినవాడెవడో సంతలో అమ్ముకున్నాడట. కరిగించి కడ్డీ చేయాలి.

"పైలే యే ఖలాస్ కరో. బాద్ మే ఎగ్జిట్," అన్నాడు.

ముందు ఇది. తర్వాతే ఇంటికి పోయే కాగితం.

కరీంనగర్‌లో భార్య రాజ్యం ఉంది. తను విమానం ఎక్కిన ఐదో నెలలో పుట్టిన వర్ష ఉంది. మూడేళ్లొచ్చినా తండ్రి చేయి తగలని పిల్ల. మొన్న ధహ్రాన్ వైపు క్షిపణి పడ్డప్పటి నుంచి దామోదర్‌కు ఒకటే భయం — బిడ్డను ఎత్తుకోకుండానే పోతానేమోనని.

గిన్నెను చేతిలోకి తీసుకున్నాడు.

పొడుగు కాడ. కాడ నడుమ ముడి. ముడి చుట్టూ ద్రాక్షతీగ, తీగలో రెక్కల పసివాళ్లు. అడుగున అంకెలు — 1561. లోపల బంగారు పూత. బయట కాదు, లోపల! ఎవరి కంటా పడని చోట బంగారం పూసిన అవుసలిని అతను తన జన్మలో ఎరగడు.

బొగ్గుల బస్తా దించడానికి వచ్చిన కడప డ్రైవర్ ఇనాయతుల్లా తొంగి చూశాడు.

"ఇది చర్చీలోది దామోదరన్నా. పాదిరి దీంట్లో ద్రాక్షరసం పోసి పైకెత్తుతాడు. మా కడపలో చూసినా. దీని జోలికి పోవద్దు."

పోకుండా ఎలా? జోలికి పోతేనే ఇల్లు.

కాడ మొదట్లో గిన్నె చీలి ఉంది. దామోదర్ వాళ్లింట్లో తాతల నాటి కట్టడి ఒకటుంది. విరిగినదాన్ని విరిగినట్టే మూసలో వేయకూడదు. ఒక్క అతుకైనా వేసి, చేసినవాడికి దండం పెట్టి, అప్పుడు కరిగించాలి.

చేతులు అలవాటుగా కదిలాయి. కుంపటి రాజేశాడు. వెలిగారం అద్దాడు. ఊదుగొట్టం ఊదాడు. టంకం మెరిసి, పారి, చీలికను మూసింది. ఇంత చక్కటి అతుకు ఎన్నడూ వేయలేదని మురిసిపోయాడు, పిచ్చివాడు!

అప్పుడు గుర్తొచ్చింది రెండో కట్టడి.

తను అతికినదాన్ని తనే కరిగించకూడదు.

ఇంట్లో తండ్రి అతికితే కొడుకు కరిగించేవాడు. ఇక్కడ ఎవరున్నారు?

గిన్నె చల్లారలేదు. సాయంత్రానికీ వెచ్చన. తెల్లారీ వెచ్చన... ఎవరో ఇప్పుడే తాగి పెట్టినట్టు. నీళ్లలో ముంచాడు. వెచ్చన. ఇసుకలో పూడ్చాడు. వెచ్చన. చేసినవాడు ఇంకా దీన్ని వదల్లేదు అనిపించింది దామోదర్‌కు.

గురువారం వీధిలో కఫీల్ బండి హారన్ మోగింది.

దామోదర్ కళ్లు మూసుకుని బిడ్డ ముఖం ఊహించబోయాడు. రాలేదు. ఏ ముఖమూ రాలేదు.

సుత్తితో అణగగొట్టి, గిన్నెను మూసలోకి దింపాడు.

టంకమే ముందు కరగాలి. వెండంతా కరిగింది — అతుకు మాత్రం సన్నటి గీతలా పైన తేలుతూనే ఉంది. కళ్లు తిప్పుకుని కడ్డీ పోశాడు.

యుద్ధం అయిపోయింది. దామోదర్ ఇల్లు చేరాడు. వర్ష రెండు రోజులు బెదిరి, మూడో రోజు ఒళ్లోకి వచ్చింది. సంతోషం పట్టలేక ఆ పూటే బిడ్డకు పట్టీలు చేయడానికి కూర్చున్నాడు.

వెలిగారం పొంగింది. టంకం కరిగింది. పారలేదు.

మళ్లీ వేశాడు. పారలేదు.

ఆర్నెల్లు... అతని చేతిలో ఏదీ అతుక్కోలేదు. పాత నగలైతే, పట్టుకోగానే ఉన్న అతుకులే ఊడి వచ్చాయి. చివరికి పట్టీల ముక్కలు రాజ్యం చేతిలో పోసి, పక్క వీధి అవుసలి దగ్గర అతికించుకు రమ్మన్నాడు.

"ఇంట్ల అవుసలాయనను వెట్టుకొని బయట అతికిచ్చుడేంది? నలుగురు నవ్వరా?" అన్నది రాజ్యం.



పొద్దు వాలేసరికి ఘల్లుఘల్లుమంటూ వర్ష వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. "నాయినా, ఎత్తుకో!" అంటూ చేతులు చాపింది.

దామోదర్ తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.